నాన్న అడిగిన నాభిగడ్డ

మా జీడితోటకు తూర్పు వైపు కంచె అంతా మొగలి పొదలే. ఆ పొదలు దాటితే సరుగుడు, సరుగుడు దాటితే ఇసుక దిబ్బ, దిబ్బ దిగితే సముద్రం. మొగలి ముళ్లకు జడిసి మేకలు కూడా అటు పోవు. అందుకేనేమో అడవినాభి ఆ కంచెలోనే స్థిరపడింది. మృగశిర వానలు రెండు పడ్డాయంటే చాలు, ఇసుకను పగలదీసుకుని మొలక పైకి లేచేది. ఆ తీగకు వేరే నులితీగలు ఉండవు. ఆకు కొసే సన్నగా సాగి, కొక్కెంలా వంగి, దొరికిన కొమ్మను పట్టుకుంటుంది. అలా ఆకు మీద ఆకు వేసి మొగలి నెత్తి దాకా ఎక్కుతుంది. శ్రావణం వచ్చేసరికి పువ్వులు. విచ్చుకున్న రోజు లేత ఆకుపచ్చగా ఉంటుంది, తర్వాత పసుపు, ఆ తర్వాత నారింజ, రాలే ముందు నెత్తుటి ఎరుపు. రేకులు వెనక్కి విరుచుకుని పైకి లేచి, అంచులు ముడతలు ముడతలుగా ఉంటాయి. పుస్తకాల్లో దాన్ని అగ్నిశిఖ అంటారని నాకు చాలా కాలానికి తెలిసింది. మా ఊళ్లో నాభి అనేవారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక రోజు బడికి పోతూ ఆ పువ్వు కోసి జడలో పెట్టుకున్నాను. నాన్న తోటలో జీడి కొమ్మలు నరుకుతున్నాడు. నన్ను చూసి కత్తి కింద పడేసి వచ్చాడు. తిట్టలేదు. పువ్వు తీసి కంచెలోకి విసిరేసి, నన్ను బావి దగ్గరకు తీసుకుపోయి, ఇసుకతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు నా చేతులు రుద్ది కడిగాడు.

"ఇది సూడ్డానికే అమ్మీ. తెంపడానికి కాదు. దీని గడ్డ తింటే మడిసి దక్కడు" అన్నాడు.

"మరి తీసీకుండా ఎందుకుంచినావు నానా?"

"అది మనకంటే ముందునించి ఇక్కడున్నాది. మన జోలికి రానప్పుడు తీసీడమెందుకు?"

ఆ గడ్డను నాన్న ఒకే ఒక్క పనికి వాడేవాడు. జీడిపిక్కలు ఏరేటప్పుడు ఎవరికైనా తేలు కుడితే, ఎండిన గడ్డ ముక్కను సానరాయి మీద అరగదీసి, ఆ గంధం కుట్టిన చోట పట్టు వేసేవాడు. అమ్మ పాదానికి ఒకసారి అలా వేయడం చూశాను. తర్వాత రాయిని మూడు నీళ్లతో కడిగి, కడిగిన నీళ్లు ఎవరూ తొక్కని చోట పారబోశాడు. ఆ గడ్డ విషమని మా ఇంట్లో అందరికంటే బాగా తెలిసినవాడు నాన్నే. ఈ మాట ముందే చెప్పడం అవసరం.

పెళ్లయ్యాక నేను టెక్కలి వచ్చేశాను. మా ఆయన అక్కడే ఎలక్ట్రికల్ పనులు చేస్తాడు. నేను ఒక మందుల షాపులో చేరాను. చీటీ చూసి మాత్ర తీయడం, ఉదయం ఎన్ని, రాత్రి ఎన్ని అని కవరు మీద గీతలు గీసి ఇవ్వడం నా పని. ఆ మధ్యలోనే పెద్ద తుఫాను వచ్చి ఉద్దానాన్ని ఒక్క రాత్రిలో నేలమట్టం చేసింది. మా తోటలో తాత నాటిన జీడిచెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి. కొబ్బరిచెట్లు నడుములు విరిగి నిలబడ్డాయి. నేను వెళ్లేసరికి నాన్న ఒక మొదలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "సముద్రం కనిపిస్తంది సూడు ఇక్కడికి" అన్నాడు. అంతకు ముందు మా తోటలోంచి సముద్రం వినబడేదే తప్ప కనబడేది కాదు.

ఆ ఏడాదే కొబ్బరి మొక్కలు నాటాడు. బావి నుంచి కావిడితో నీళ్లు మోసి ఒక్కో మొక్కకూ పోసేవాడు. మొక్కలు మోకాలి ఎత్తుకు రాకముందే కాళ్లకు నీరు దిగింది. మొదట అలసట అనుకున్నాం. కాదని మాకూ లోపల తెలుసు. ఉద్దానంలో కాళ్లకు నీరు దిగితే ఏమిటో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. మా వీధిలోనే నాన్న కంటే ముందు ముగ్గురు కిడ్నీలు పాడై పోయారు. రక్తపరీక్ష కాగితం పలాసలో నా చేతికి ఇచ్చారు. షాపులో రోజూ అలాంటి కాగితాలు చూసే దాన్నే. అయినా ఆ అంకె దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. నాన్న నా మొహం చూసి, "సదవక్కర్నేదులే, తెలిసిపోనాది" అన్నాడు.

తర్వాత ఒక ఏడాదికి డయాలసిస్ మొదలైంది. వారానికి రెండుసార్లు పలాస. ఒకసారి అమ్మ తోడు వెళ్లేది, శుక్రవారం నేను టెక్కలి నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లేదాన్ని. సూది గుచ్చే ఎడమ చేతి నరం తాడులా ఉబ్బిపోయింది. దాని మీద చెవి పెడితే లోపల నీళ్లు పారుతున్నట్టు చప్పుడు. రోజుకు ఇన్ని గ్లాసులకు మించి నీళ్లు తాగకూడదు. కొబ్బరి నీళ్లు అసలు ముట్టకూడదు. పుట్టినప్పటి నుంచి కొబ్బరి తోటలో బతికిన మనిషికి డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు నాన్న నవ్వాడు. ఇంటికొచ్చాక మాత్రం గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

వార్డులో నాన్న పక్క మంచం ఎప్పుడూ ఒక కుర్రాడిది. ముప్పై రెండేళ్లుంటాయి. బారువ దగ్గర ఊరు. పడవ మీద వేటకు వెళ్లేవాడు. ఇద్దరు చిన్న ఆడపిల్లలు. రెండో పిల్లకు ఇంకా మాటలు రాలేదని చెప్పేవాడు. నాన్నను మావా అనేవాడు. నాన్న అతన్ని అల్లుడూ అనేవాడు. రెండు యంత్రాల మధ్య పడుకుని, ఒకరు ఏ గాలికి ఏ చేప పడుతుందో చెబితే, ఇంకొకరు జీడిపూత మంచుకు ఎలా మాడిపోతుందో చెప్పేవారు. నాన్న మాతో కంటే అతనితోనే ఎక్కువ మాట్లాడేవాడు. నాకు కొంచెం ఈర్ష్యగా ఉండేది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ ఏడు శ్రావణంలో రెండు రోజులు సెలవు పెట్టి పుట్టింటికి వెళ్లాను. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అప్పటికి తోట దాకా నడవలేకపోతున్నాడు. అమ్మ నీళ్లకు వెళ్లింది.

"అమ్మీ, ఓ పని సేత్తావేటి?" అన్నాడు.

"సెప్పు నానా."

"కంచెలో నాభి పూసింటాది. తీగ పట్టుకుని మొదలుకంటా ఎల్లి ఓ గడ్డ తవ్వి తేవాల. మోకాళ్లు పీకేత్తన్నాయి. అరగదీసి పట్టేత్తాను."

"మోకాళ్లకి పనిసేత్తాదా అది?"

"తేలు ఇసం లాగీసింది, నొప్పి లాగదేటి? సేతికి కవరు తొడుక్కో. తెచ్చినాక సేతులు కడుక్కో."

నేను వెంటనే లేచాను. అన్ని నెలల్లో నాన్న నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. మందులు తెచ్చేదాన్ని, వరుసలో నిలబడేదాన్ని, బస్సులో కిటికీ పక్క సీటు పట్టేదాన్ని, అవేవీ ఆయన అడిగినవి కావు. ఇది అడిగాడు. గునపం భుజాన వేసుకుని తోటలోకి నడుస్తుంటే నాకు సంతోషంగా కూడా ఉంది.

తుఫాను జీడిచెట్లను పడగొట్టింది కానీ కంచెను ఏమీ చేయలేకపోయింది. మొగలి మళ్లీ దుబ్బుకట్టింది. నీడ పోయి ఎండ తగలడం వల్లనో ఏమో, నాభి ఆ ఏడు ఎప్పుడూ లేనంతగా పూసింది. పసుపు, ఎరుపు ఒకే తీగ మీద. చేతికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, ఒక తీగను వేళ్లతో తడుముతూ కిందికి వచ్చి, మొదలు చుట్టూ ఇసుక తీశాను. జానెడు లోతులో గడ్డ దొరికింది. నాగలిలా వంగి రెండు కొమ్ములుంటాయి దానికి. పైన మట్టిరంగు పొర, గోరు తగిలిన చోట తెల్లగా. చూడటానికి చిలగడదుంపకు చుట్టంలా ఉంటుంది. పేపరులో చుట్టి తెచ్చి నాన్న చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిది దొరికింది" అన్నాడు. నా తల మీద చెయ్యి వేశాడు. నేను సబ్బుతో చేతులు కడుక్కుని, మర్నాడు టెక్కలి వచ్చేశాను.

పది రోజులు గడిచాయి. మధ్యలో ఒక శుక్రవారం వార్డులో కలిసినప్పుడు మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగితే, "తగ్గుతాయిలే" అన్నాడు. ఆ తర్వాతి బుధవారం సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు ఊళ్లోనే ఆటో నడుపుతాడు. నాన్నకు మధ్యాహ్నం నుంచి వాంతులు, విరేచనాలు, నోరూ గొంతూ మండిపోతున్నాయంటున్నాడని చెప్పాడు. ఆటోలో పలాస తీసుకెళ్తున్నారు. నేను బస్సెక్కి వెళ్లేసరికి సెలైన్ ఎక్కుతోంది. డయాలసిస్ మనిషికి సెలైన్ ఎక్కువ ఎక్కించకూడదు. ఎక్కించకపోతే బీపీ పడిపోతోంది. డాక్టరు ఏం తిన్నాడని అమ్మను అడిగాడు.

"అన్నం, బీరకాయ కూర" అంది అమ్మ.

మర్నాడు శ్రీకాకుళం తీసుకెళ్లాం. రెండో రోజుకు నాన్న మాట ముద్దగా అయిపోయింది. కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి కదలడం లేదన్నాడు. ఒకసారి నన్ను దగ్గరకు పిలిచి ఏదో చెప్పబోయాడు. నాకు అర్థం కాలేదు. "మళ్లీ సెప్పు నానా" అన్నాను. తల అడ్డంగా ఊపి కళ్లు మూసుకున్నాడు. నాలుగో రోజు తెల్లవారాక పోయాడు. కిడ్నీ జబ్బు మనిషి, ఇన్‌ఫెక్షన్ వచ్చి ఉంటుందన్నారు. ఉద్దానం మనిషి కిడ్నీతో పోతే ఎవరూ ఆశ్చర్యపోరు. మేమూ ఏమీ అడగలేదు.

దినాల్లో ఇల్లు సర్దుతుంటే వంటింటి అటక మీద పేపరు పొట్లం కనబడింది. విప్పాను. నేను తవ్వి తెచ్చిన గడ్డే. ఒక కొమ్ము లేదు. కత్తితో తెగ్గోసినట్టు సాఫీగా ఉంది. అరగదీసిన గుర్తు ఎక్కడా లేదు.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ముందు గదిలో బంధువుల మాటలు వినబడుతున్నాయి. బుధవారం మధ్యాహ్నం, నోట్లో మంట, వాంతులు, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. ఆ పొట్లం కొంగులో దాచుకుని తోటలోకి పోయి లోతుగా గొయ్యి తీసి పాతేశాను. ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, తమ్ముడికి చెప్పలేదు, మా ఆయనకు కూడా చెప్పలేదు.

తర్వాత షాపులో తీరిక దొరికినప్పుడల్లా ఆ మొక్క గురించి వెతికి చదివాను. అప్పుడు తెలిసింది, కాలి బొటనవేలు వాచే గౌట్ జబ్బుకు మేం అమ్మే చిన్న మాత్రలో ఉండే మందు ఆ గడ్డలోనూ ఉంటుందని. పదేళ్లుగా నా చేత్తో తీసి ఇస్తున్న మాత్ర. ఆ మాత్ర అట్ట మీదే రాసి ఉంటుంది, కిడ్నీలు పాడైనవాళ్లకు ఇవ్వరాదని. ఆ మందును ఒంట్లోంచి బయటకు పంపాల్సింది కిడ్నీలు. నాన్నకు ఆ దారి లేదు. లోపలికి పోయింది లోపలే ఉండిపోయింది. ఆ తర్వాత ఎవరైనా ఆ మాత్ర చీటీ తెస్తే పక్కనున్న అమ్మాయిని తీయమనేదాన్ని.

కానీ నన్ను తిననివ్వనిదీ, నిద్రపోనివ్వనిదీ వేరే ప్రశ్న. ఆ గడ్డ విషమని నాకు నేర్పిన మనిషి, తొమ్మిదేళ్ల పిల్ల చేతులు మూడుసార్లు కడిగిన మనిషి, తెలిసి తెలిసి ఎందుకు మింగాడు? ఒక్కటే జవాబు తోచేది. విసిగిపోయాడు. సూదులకు విసిగాడు, బస్సులకు విసిగాడు, నీళ్లు లెక్కబెట్టుకుని తాగడానికి విసిగాడు. పోవాలనుకున్నాడు. తోట దాకా నడవలేక, తన చావును నా చేత తవ్వించి తెప్పించుకున్నాడు. నా తల మీద వేసిన చెయ్యి అందుకే వేశాడు. ఇలా అనుకున్నప్పుడు నాన్న మీద కోపం వచ్చేది. కోపం వచ్చినందుకు ఏడుపు వచ్చేది. ఇలా నాలుగేళ్లు.

ఆ నాలుగేళ్లలో అమ్మ ఒక పని పెట్టుకుంది. వానలు పడి నాభి మొలకెత్తగానే గునపం పట్టుకుని కంచె వెంట పోయేది. ఒక్కో మొలకా తవ్వి, గడ్డలు గోతిలో వేసి కాల్చేది. మొగలి ముళ్లు చేతుల నిండా గీరుకుపోయేవి. అయినా మరుసటి ఏడు మళ్లీ వచ్చేవి. గడ్డ విరిగి చిన్న ముక్క ఇసుకలో మిగిలినా చాలు, అది మళ్లీ లేస్తుంది. అమ్మ తవ్వుతూనే ఉంది. అది చూసినప్పుడల్లా, అమ్మకు తెలుసు, నేను తెచ్చిన గడ్డే అని తెలుసు, నోటితో అనలేక కంచె మీద చూపిస్తోంది అనుకునేదాన్ని. అందుకే పుట్టింటికి వెళ్లడం తగ్గించాను. మా పిల్ల చదువు అన్నాను, షాపులో సెలవు లేదన్నాను. వెళ్లినా పూట ఉండి వచ్చేసేదాన్ని. అమ్మ కూడా ఉండమని బలవంతం చేసేది కాదు.

పోయిన ఏడు వానాకాలం, అమ్మ చేతికి మొగలి ముల్లు లోతుగా దిగి చీము పట్టింది. తమ్ముడు చెబితే మందులు తీసుకుని వెళ్లాను. కట్టు కడుతూ, "ఎందుకమ్మా ఆ పని? ఎంత తవ్వినా అది పోదు. నాకు తెలుసు నీకు నా మీద కోపమని. ఒక్కసారి తిట్టేసి ఊరుకో" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు.

అమ్మ అయోమయంగా చూసింది. "నీ మీద కోపమేటి?"

"ఆ గడ్డ తెచ్చింది నానే కదా."

"నువ్వు తెచ్చినావని తెలుసు. మోకాళ్లకని నీకు సెప్పినాడని తెలుసు. నూరింది నాను."

కట్టు సగంలో వదిలేసి అమ్మ మొహం చూశాను.

అమ్మ నా వైపు చూడకుండా, ఒక్కొక్క మాటే చెప్పింది. ఆసుపత్రిలో నాన్న ఎవరి దగ్గరో ఒక మందు మాట విన్నాడు. నాభిగడ్డను ఏడు రోజులు ఆవు పంచితంలో నానబెట్టి, రోజూ మార్చి, ఎండబెడితే విషం పోతుందట, అప్పుడు అది కిడ్నీకి మందవుతుందట. నాన్న పెరట్లో పాత కుండలో ఒక కొమ్ము నానబెట్టాడు. రోజూ పంచితం పట్టి తెచ్చి మార్చింది అమ్మే. ఏడు రోజులూ తప్పకుండా మార్చింది. ఆ బుధవారం పొద్దున అమ్మే నూరి, పాలలో కలిపి ఇచ్చింది.

"నాను ఒద్దన్నాను. అమ్మీని అడుగుదాం, మందుల షాపులో ఉన్నాది కద, దానికి తెలుస్తాది అన్నాను. దానికి సెప్తే ఒప్పుకోదు, పనిసేసినాక సెప్దాం అన్నాడు. డాక్టరు ఏటి తిన్నాడని అడిగినప్పుడు నా నోరు రానేదు. సెప్పుంటే బతికీవోడేమో. అదే నన్ను తినేత్తన్నాది."

"పోవాలని తాగనేదా అమ్మా?" అన్నాను.

"పోవాలనేటి?" అమ్మకు కోపం వచ్చింది. "గ్లాసు పట్టుకుని నవ్వినాడు. ఇది పనిసేత్తే పలాస బస్సు మొకం సూడను అన్నాడు. ఆ కొబ్బరిమొక్కలు కాపుకొచ్చినాక మొదటి బొండం నీళ్లు నానే తాగుతాను, నీక్కూడా ఇవ్వను అన్నాడు. బతకడానికే తాగినాడే. పోడానికి కాదు."

నేను అమ్మ ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. నాలుగేళ్ల నుంచి ఆయన నన్ను వాడుకుని వెళ్లిపోయాడని అనుకుంటూ వచ్చాను. ఆయనేమో బతుకుతానని నమ్మి గ్లాసు ఎత్తాడు. ఏది ఎక్కువ బాధో నాకు ఇప్పటికీ తెలియదు. చావాలనుకుని చనిపోయినవాడికి కనీసం కోరుకున్నది దొరికింది అనుకోవచ్చు. బతకాలనుకుని, విషం కలిసిన పాలు నవ్వుతూ తాగిన మనిషిని తలచుకోవడానికి ఏ మాటా సాయం రాదు. చివరి రోజు నాకు చెప్పబోయింది కూడా ఆ మందు సంగతేనేమో.

ఏడుపు తగ్గాక నాకు ఒక భయం పట్టుకుంది. ఆసుపత్రిలో ఆ మాట చెప్పినవాళ్లు ఇంకెంతమందికి చెప్పి ఉంటారు? ఎవరు చెప్పారని అమ్మను అడిగాను. "పక్క మంచం అల్లుడు" అంది.

ఆ శుక్రవారం పలాస వెళ్లాను. నాలుగేళ్ల తర్వాత ఆ వార్డులోకి అడుగు పెట్టడం. అతను ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. పొట్ట ఒక్కటే మిగిలింది. నన్ను గుర్తుపట్టి, అక్కను పిలిచినట్టు "అప్పా" అని లేవబోయాడు. యంత్రం గొట్టాలు లేవనివ్వలేదు. పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"తమ్ముడూ, నువ్వు ఆ నాభిగడ్డ తిన్నావా? ఎవరికైనా సెప్పినావా? సెప్పకు. అది తాగే మా నాన్న పోయాడు" అన్నాను.

అతను కప్పు వైపు చూశాడు. కళ్ల పక్కలనుంచి నీళ్లు చెవుల్లోకి దిగుతున్నాయి.

"తెలుసప్పా" అన్నాడు. "మా ఊరికి మందులాయనొకడొచ్చీవోడు. ఆయన సెప్పినాడు. నాను తాగీద్దామనుకున్నాను. మావకి సెప్తే, మా కంచెలో ఉన్నాది, దాని సంగతి నాకు తెలుసు, అది మంచిది కాదల్లుడూ అన్నాడు. నాను ఇననేదు. ఎలాగోలా తెచ్చుకుని తాగీత్తాను, ఇలగ బతకనేను అన్నాను. అప్పుడన్నాడు, నీకు సిన్నపిల్లలు, నువ్వాగు, ముందు నాను తాగి సూత్తాను, బాగుంటే నీకు నానే తెత్తాను అన్నాడు."

నర్సు వచ్చి యంత్రం చూసి వెళ్లింది. అతను మళ్లీ మొదలుపెట్టాడు.

"ఆ శుక్రవారం మావ మంచం కాళీ. ఆ పక్క మంగళవారం వేరేవోళ్లని పడుకోబెట్టినారు. నాకు అర్తమైపోనాది. మీ ఇంటికొచ్చి సెప్దామని రెండుసార్లు మీ ఊరి దాకా వచ్చినాను. బస్టాపు దగ్గిరే తిరిగెల్లిపోనాను. మీ అమ్మ మొకం ఎలాగ సూడను?"

నాకు అతని మీద కోపం రాలేదు. వస్తుందనుకున్నాను, రాలేదు. సూది గుచ్చిన చెయ్యి కాకుండా రెండో చెయ్యి పట్టుకున్నాను. గరుకుగా, చల్లగా ఉంది. వలలు లాగిన చెయ్యి. నాన్న నాకు అబద్ధం ఎందుకు చెప్పాడో, అమ్మ మాట ఎందుకు వినలేదో అప్పటికి పూర్తిగా తెలిసింది. ఆయన బతకాలనీ తాగాడు. అది విషమైతే తన దగ్గరే ఆగిపోవాలనీ తాగాడు. రెండూ నిజమే.

ఇంటికెళ్లి అమ్మకు చెప్పాను. అమ్మ విని, "అలగన్నాడా?" అని మాత్రం అంది. తర్వాతి వారం నుంచి ఆ కుర్రాడి డయాలసిస్ రోజుల్లో అప్పుడప్పుడు పలాస వెళ్లేది. ఉప్పు లేకుండా వండిన కూర డబ్బాలో పట్టుకెళ్లేది. మొదటిసారి అమ్మను చూసి అతను మొహం కప్పుకున్నాడట. "దుప్పటి తియ్యి, కూర సల్లారిపోతాది" అందట అమ్మ. అంతకు మించి ఇద్దరూ ఆ సంగతి మాట్లాడుకోలేదు.

ఈ వేసవిలో అతను పోయాడు. జబ్బుతోనే. అమ్మా నేనూ బారువ వైపు వాళ్ల ఊరు వెళ్లాం. ఇంటి ముందు వల ఆరేసిన దండెం ఖాళీగా ఉంది. పెద్దపిల్ల వచ్చినవాళ్లకు నీళ్లిస్తోంది. చిన్నపిల్ల, మాటలు రాలేదని అతను చెప్పిన పిల్ల, ఇప్పుడు బడికి వెళ్తోంది. ఆ పిల్లల తల్లి మా అమ్మను పట్టుకుని, "నాలుగేళ్లు ఎక్కువ బతికినాడు. మీ ఆయన పున్నెమే అనీవోడు. ఎందుకంటన్నావంటే సెప్పీవోడు కాదు" అంది. అమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. అమ్మ ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. పిల్ల జడ ఊడిపోతుంటే కూర్చోబెట్టి అల్లింది. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం.

తిరిగి వచ్చేటప్పుడు సోంపేటలో పలాస బస్సెక్కాం. మొదటి సీటు వెనకే కూర్చోవడానికి చోటు దొరికింది. బస్సు కదిలిన కాసేపటికి అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. నాన్న పోయిన రోజు కూడా అమ్మ అలా గొంతు విప్పి ఏడవలేదు. అప్పుడు ఏడ్చే హక్కు తనకు లేదనుకుందట, తర్వాత చెప్పింది. ఊరుకోమని నేను అనలేదు. బస్సులో ఎవరూ వెనక్కి తిరిగి వింతగా చూడలేదు. ముందు సీట్లో ఒకామె, ఒళ్లో ఆసుపత్రి ఫైలుతో కూర్చున్న పెద్దావిడ, మెల్లిగా తిరిగి అడిగింది.

"ఎవులమ్మా?"

"మా ఆయన" అంది అమ్మ.

"ఎన్నాళ్లయింది?"

"అయిదో ఏడు."

ఆమె తల ఊపి, తన నీళ్ల సీసా మూత తీసి అమ్మకు అందించింది.